టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నా నీరసం ఎందుకు తగ్గదు

ప్రొద్దుటూరు నుంచి రాసిన సోదరి ప్రశ్న సారాంశం ఇది. వయసు 36, ప్రైవేటు బడిలో టీచరు. నాలుగేళ్ల క్రితం గుండెదడ, చేతుల వణుకు, 11 కిలోల బరువు తగ్గడంతో మొదలై, థైరాయిడ్ గ్రంథి హార్మోనును అతిగా తయారుచేసే గ్రేవ్స్ జబ్బు అని తేలింది. ఆ హార్మోనును తగ్గించే కార్బిమజోల్ ఏడాదిన్నర వాడి ఆపాక మళ్లీ తిరగబెట్టడంతో, రెండేళ్ల క్రితం గ్రంథి పని ఆపడానికి రేడియో అయోడిన్ ఇచ్చారు. ఇప్పుడు ఆ హార్మోను లోటు తీర్చడానికి రోజుకు 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నారు, గత నెల టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగి, ఎక్కువైతే తగ్గే మెదడు హార్మోను) 3.1 వచ్చింది. అయినా మధ్యాహ్నానికి ఒళ్లు వాలిపోవడం, క్లాసులో పిల్లల పేర్లు నోటికి రాకపోవడం, జుట్టు రాలడం, కళ్లలో ఇసుక పడ్డట్టు ఉండడం పోలేదు, పైగా 14 కిలోల బరువు పెరిగారు. చూపించుకున్న చోట “రిపోర్టు నార్మల్, నీకేం లేదు” అన్నారు, ఇంట్లోవాళ్లు బద్ధకం అంటున్నారు. డోసు పెంచమని అడగాలా, దీనికి వేరే మాత్ర ఏమైనా ఉందా, మునుపటిలా ఎప్పటికైనా అవుతానా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను డాక్టరును కాను. కడపలో ముప్పై ఏళ్లకు పైగా రక్తపరీక్షల ల్యాబులో పనిచేశాను, అందులో సగం కాలం హార్మోను పరీక్షలు చేసే మిషను ముందే గడిచింది. 2010లో ఇదే జబ్బుకు ఇదే రేడియో అయోడిన్ తీసుకుని, అప్పటినుంచి ఇదే మాత్ర మింగుతున్నాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం ల్యాబులో చూసింది, సగం నా ఒంటి మీద తెలుసుకున్నది. మందుల్లో ఏ మార్పు చేసుకున్నా మీ డాక్టరుకు చెప్పే చేసుకోండి.

మొదటి ప్రశ్నకు నా జవాబు ముందే చెబుతాను: డోసు పెంచమని ఇప్పుడే అడగవద్దు. పెంచకూడదని కాదు, పెంచాలో వద్దో తేల్చడానికి మీ చేతిలో ఉన్న రిపోర్టు పనికిరాదని. మీరు ఉత్తరం చివర, అంత ముఖ్యం కానట్టుగా రెండు వాక్యాలు రాశారు. ఒకటి, జుట్టు కోసం ఆరు నెలలుగా రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర వేసుకుంటున్నారని. రెండోది, ఉదయం ఆరింటికి థైరాయిడ్ మాత్ర వేసుకుని ఆ వెంటనే కాఫీ తాగి, ఎనిమిదింటికి టిఫిన్ తిన్నాక ఐరన్, కాల్షియం మాత్రలు కూడా వేసుకుని బడికి వెళతారని. నా దృష్టిలో మీ సమస్యలో పెద్ద భాగం ఆ రెండు వాక్యాల్లోనే ఉంది.

ముందు బయోటిన్ సంగతి. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన బయోటిన్ 30 నుంచి 40 మైక్రోగ్రాములు. మీరు మింగుతున్న మాత్రలో ఉన్నది 10,000 మైక్రోగ్రాములు, అంటే రెండు మూడు వందల రెట్లు. నీటిలో కరిగే విటమిన్ కనుక ఒంటికి దానివల్ల పెద్దగా హాని జరగదు గానీ, పరీక్ష మాత్రం తప్పుదారి పట్టవచ్చు. చాలా కంపెనీల కిట్లలో, రక్తపు నమూనాలోని హార్మోనును పట్టి నిలపడానికి బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జంటను వాడతారు. రవిక కొక్కెం, దాని కాజా ఉంటాయే, అలా ఒకదాన్ని ఒకటి పట్టుకుంటే ఇక విడవవు. మీ రక్తంలో బయోటిన్ నిండుగా ఉంటే, ఆ కాజాలన్నిటిలో అదే ముందుగా దూరి కూర్చుంటుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో హార్మోను ఎంత ఎక్కువ పట్టుబడితే మిషనుకు అంత వెలుగు కనిపించాలి. తగులుకోవడానికి కాజా దొరక్క హార్మోను కడుగునీళ్లతో కొట్టుకుపోతుంది కనుక, ఉన్నదానికన్నా తక్కువ అంకె వస్తుంది. రక్తంలోని థైరాక్సిన్‌నే నేరుగా కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష దీనికి తిరగేసిన పద్ధతి, అందులో వెలుగు తగ్గితే హార్మోను ఎక్కువున్నట్టు లెక్క. అందుకే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అంటే టీఎస్‌హెచ్ నిజానికి ఏడో ఎనిమిదో ఉన్నా కాగితం మీద 3.1గా కనిపించే వీలుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. ఒక చైత్రమాసంలో, ఫ్యాను కింద కూర్చున్నా మాకందరికీ చెమటలు కారుతున్న పూట, శాలువా కప్పుకుని ఒకావిడ నమూనా ఇవ్వడానికి వచ్చారు. ముఖం ఉబ్బి ఉంది, గొంతు బొంగురుపోయింది, సూది గుచ్చబోతే మోచేతి మీద చర్మం పొట్టు రేగుతోంది. మిషను ఇచ్చిన అంకె చూస్తే టీఎస్‌హెచ్ 0.03, ఫ్రీ టీ4 ఆకాశంలో. కాగితాన్ని బట్టి ఆమెకు హార్మోను పొంగిపొర్లుతోంది, మనిషిని చూస్తే అడుగంటింది. నమూనాలు తారుమారయ్యాయేమోనని మళ్లీ నడిపినా అదే అంకె. ఏమేం వాడుతున్నారమ్మా అని అడిగితే, సంచిలోంచి తీసి చూపిన వాటిలో జుట్టు మాత్రల డబ్బా ఉంది. అది వారం రోజులు ఆపి రమ్మన్నాము. రెండోసారి టీఎస్‌హెచ్ 40 దాటింది. మొదటి కాగితాన్ని నమ్మి ఉంటే, పెంచవలసిన డోసును తగ్గించి పంపేవారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా బయోటిన్ వల్ల రక్తపరీక్షలు తప్పు చూపించవచ్చని 2017లో బహిరంగంగా హెచ్చరించింది. అన్ని మిషన్లకూ ఈ ఇబ్బంది లేదు, కొన్ని కంపెనీలు పద్ధతి మార్చుకున్నాయి కూడా. కానీ మీ ల్యాబులో ఉన్నది ఏ మిషనో కనుక్కుంటూ కూర్చోవడంకన్నా ఆ మాత్రను ఆపడం తేలిక. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలంటారు, మీది పెద్ద డోసు కనుక వారం ముందే ఆపండి. అసలు మళ్లీ మొదలుపెట్టనే వద్దని నా సలహా, ఎందుకంటే ఒంట్లో బయోటిన్ లోపం లేనివాళ్లకు దానివల్ల జుట్టు నిలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఇక మాత్ర మింగే తీరు. థైరాక్సిన్ పరగడుపున మింగితే 70 నుంచి 80 శాతం దాకా చిన్నపేగు పీల్చుకుంటుంది. పొట్టలో మరేదైనా ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. కాఫీ విడిగానే దాన్ని అడ్డుకుంటుంది, మన కాఫీలో పాలు కూడా ఉంటాయి కనుక కాల్షియం తోడవుతుంది. మాత్రకూ కాఫీకీ మధ్య గంట ఎడం ఉండాలి, మరీ తొందరైతే అరగంట. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటలు. మీరు ఇస్తున్నది రెండే. మీ దినచర్యను బట్టి అయిదున్నరకు లేవగానే మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర, ఆరున్నరకు కాఫీ, మధ్యాహ్నం భోంచేశాక ఐరన్, రాత్రి భోంచేశాక కాల్షియం అని విడగొట్టుకుంటే సరిపోతుంది. ఐరన్, కాల్షియం ఒకదానికొకటి కూడా పడవు, వాటిని కలిపి వేసుకోవడం డబ్బు దండగ. పొద్దున్నే కుదరనివాళ్లు రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటలకు, నిద్రపోయే ముందు వేసుకోవచ్చు. మా వీధిలో రంజాన్ ఉపవాసాలుండే ఒకావిడ ఆ నెల రోజులూ సహరీకి ముప్పావుగంట ముందు అలారం పెట్టుకుని లేచి మాత్ర వేసుకుని, తర్వాతే పొయ్యి వెలిగిస్తారు. ఏ వేళ అన్నదానికన్నా రోజూ అదే వేళ అన్నది ముఖ్యం.

మన వైపు ప్రత్యేకంగా చెప్పవలసినది రాగుల గురించి. రాగి సంగటి మానేయమని థైరాయిడ్ వాళ్లకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మానవలసిన పని లేదు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కనుక, మాత్ర వేసుకున్న వెంటనే రాగి జావ తాగకుండా ఉంటే చాలు. మధ్యాహ్నం సంగటి, పుల్లగూర నిశ్చింతగా తినవచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవరు, సజ్జలు వద్దనే మాట కూడా మీకు వర్తించదు. అవి అతిగా తింటే గ్రంథి అయోడిన్‌ను వాడుకోవడానికి అడ్డుపడతాయన్నది ఆ మాట వెనకున్న సంగతి, కానీ రేడియో అయోడిన్‌తో మీ గ్రంథి పని ఆపేసింది. లేని బావికి మూత ఎందుకు? అలాగే అయోడిన్ ఉప్పు మానడమూ అక్కరలేదు, అయోడిన్ చుక్కలంటూ ఎక్కువ పోసుకోవడమూ అక్కరలేదు, మీ హార్మోను ఇప్పుడు మాత్రలోంచి వస్తోంది.

గ్యాస్ మాత్ర వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. మన దగ్గర పాంటప్రజోల్‌ను మందుగా ఎవరూ లెక్కపెట్టరు కనుక అడుగుతున్నాను. థైరాక్సిన్ మాత్ర కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అది తగ్గితే మాత్ర సరిగ్గా ఒంటబట్టదు. వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

మరొకటి వేడి. ఇది నా తప్పుతో నేర్చుకున్నది. 2013 జనవరిలో నా టీఎస్‌హెచ్ 2.2, అదే డోసు, అదే కంపెనీ, ఒక్క పూట కూడా మానలేదు, జూన్‌లో చూస్తే 8.9. నా ల్యాబులో నేనే రెండుసార్లు చేసుకున్నాను, మారలేదు. కారణం వెతుకుతూ ఇంటికొచ్చి వంటింట్లో నిలబడితే కంటికి కనబడింది. పొద్దున్నే చేతికి అందుతుందని మాత్రల సీసాను పొయ్యి పైన ఉన్న కడప బండ గూట్లో, తిరగవాత గింజల డబ్బా పక్కన పెట్టుకున్నాను. మిద్దె ఇల్లు, పడమటి గోడ, ఎండాకాలం. వంట ముగిసి గంట దాటినా ఆ బండ మీద చెయ్యి ఆనించలేకపోయాను. సీసా మూత తీస్తే లోపల దూది తడితడిగా ఉంది, పొయ్యి మీద మరిగే అన్నం ఆవిరి అంతా దానికే తగిలేది. థైరాక్సిన్‌కు వేడి, వెలుతురు, తేమ మూడూ పడవు. కొత్త సీసా తెచ్చి నడిమింట్లో ఇనుప బీరువాలో చీరల మధ్య పెట్టాను, రెండు నెలలకు అంకె మళ్లీ మూడు లోపలికి వచ్చింది. ఒక్కదాని అనుభవాన్ని రుజువుగా పెట్టనుగానీ, మన ఎండల్లో సీసా ఎక్కడ ఉందన్నది చూసుకోవలసిన విషయమే. సీసాలోని మాత్రలను వేరే డబ్బాల్లో పోయకండి, స్కూటీ డిక్కీలో అసలు వదలకండి, సీసా మీద రాసి ఉంటే తప్ప ఫ్రిజ్‌లోనూ పెట్టకండి, ఎందుకంటే తీసి పెట్టినప్పుడల్లా తేమ చేరుతుంది. కంపెనీ మార్చకుండా ఒకటే వాడండి, షాపులో అది లేదని వేరేది ఇస్తే మార్చిన తేదీ రాసి పెట్టుకోండి.

ఈ మార్పులన్నీ చేసి ఆరు వారాలు ఆగండి. తొందరపడి పది రోజులకే పరీక్ష చేయించుకుంటే అది పాత లెక్కే చెబుతుంది. రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అందువల్ల కొత్త మట్టం కుదురుకోవడానికి అయిదారు వారాలు కావాలి. ఆ పైన టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. కనుక ఎప్పుడు చేయించినా ఒకే ల్యాబులో, ఒకే వేళకు, ఆ రోజు మాత్ర వేసుకోకముందు నమూనా ఇవ్వండి. టీఎస్‌హెచ్ ఒక్కటే కాక ఫ్రీ టీ4 కూడా అడగండి.

అప్పుడు వచ్చే అంకె నిజంగా హద్దు దాటి ఉంటే, లేదా పై అంచున ఉంటే, డోసు పెంచడం గురించి డాక్టరే మాట్లాడతారు, 12.5 లేదా 25 మైక్రోగ్రాములు పెంచి మళ్లీ ఆరు వారాలు చూస్తారు. మీ బాధల్లో సగం అక్కడే తీరిపోవచ్చు. గ్రంథి మొత్తం పోయినవాళ్లకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అని ఒక లెక్క ఉంది, అది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంచనా మాత్రమే. కానీ “హుషారుగా ఉంటుంది” అని టీఎస్‌హెచ్‌ను హద్దు కిందికి దించే డోసు వేసుకోవడానికి మాత్రం ఒప్పుకోకండి. ఆ హుషారు ఎలాంటిదో మనిద్దరికీ తెలుసు, అది పాత జబ్బే, ఈసారి సీసాలోంచి వస్తుంది, అంతే. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణవాసుల మీద జరిగిన అధ్యయనంలో, 60 ఏళ్లు దాటి టీఎస్‌హెచ్ బాగా తక్కువగా ఉన్నవాళ్లకు పదేళ్లలో గుండె లయ తప్పే ముప్పు మూడు రెట్లు ఉన్నట్టు 1994లో తేలింది. ఎముకలు గుల్లబారడం ఇంకొకటి. మీకు ఇంకా 36 అంటారా, ఈ మాత్ర మీతో పాటు అరవై దాకా వస్తుంది.

అంకె నిజంగానే ఒకటీ రెండున్నర మధ్య వచ్చి కూడా నీరసం అలాగే ఉంటే, థైరాయిడ్‌ను కాసేపు పక్కన పెట్టి మిగతా ఒంటిని చూడాలి. ఒకసారి థైరాయిడ్ అని పేరు పడ్డాక ప్రతి బాధనూ దాని ఖాతాలోనే రాస్తారు, మనమూ అదే రాసుకుంటాం. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఏడాది పైగా ఐరన్ మాత్ర వేసుకుంటున్నారు, సరే, హిమోగ్లోబిన్ ఎంత పెరిగింది? ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ ఎప్పుడైనా చూశారా? హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటినా నీరసం ఉంటుంది, జుట్టు రాలుతుంది. గ్రేవ్స్ జబ్బు ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడడం వల్ల వచ్చేది. అలా తిరగబడిన చోట దానికి చుట్టాలైన జబ్బులు కూడా వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. బీ12ను ఒంటబట్టనివ్వని ఒకరకం రక్తహీనత అందులో ఒకటి, కనుక బీ12 తప్పక చూడాలి. దానితో పాటు విటమిన్ డి, మూడు నెలల షుగరు పరీక్ష. రాత్రిళ్లు గట్టిగా గురక పెడుతున్నారేమో ఇంట్లోవాళ్లను అడగండి, బరువు పెరిగాక నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం వల్ల పగలు ఒళ్లు వాలిపోవడం చాలామందిలో ఉంటుంది. అరుదైనదే అయినా ఒక సంగతి చెప్పి తీరాలి: లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఉప్పు కోసం నాలుక పీకడం, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడడం, బరువు తగ్గిపోవడం కలిసి కనిపిస్తే అది మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల లోపం కావచ్చు, దాన్ని అదే రోజు డాక్టరుకు చూపాలి.

బరువు విషయంలో మీ లెక్కనే మీకు తిరిగి చెబుతాను. పెరిగింది 14 కిలోలు, అందులో జబ్బు మింగిన 11 కిలోలు తిరిగి వచ్చినవి. నిజంగా కొత్తగా చేరింది నాలుగేళ్లలో మూడు కిలోలు. అయితే పోయినదీ వచ్చినదీ ఒకటి కాదు. హార్మోను ఎక్కువగా ఉన్న రోజుల్లో కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, ముఖ్యంగా తొడల్లో, భుజాల్లో. తిరిగి వచ్చేటప్పుడు కొవ్వు తనంతట తాను వస్తుంది, కండ మనం పనిపెడితేనే వస్తుంది. గొంతుక్కూర్చుని చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా చూసుకోండి. నాకు రేడియో అయోడిన్ అయిన ఏడాదికి కూడా రోటి ముందు కూర్చుంటే లేపడానికి ఒక మనిషి కావలసి వచ్చింది, అప్పటికి నా అంకెలన్నీ నార్మలే. కుర్చీలోంచి చేతులు కట్టుకుని పదిసార్లు లేవడం కూర్చోవడం, పొద్దునా సాయంత్రం, అంతే మొదలుపెట్టాను. ఆరు నెలలకు మెట్లెక్కడం తేలికైంది, మధ్యాహ్నపు నీరసం కూడా ఆ తర్వాతే తగ్గింది. ఉలవలు, పప్పు, గుడ్లు, ఉడకబెట్టిన శనగలు రోజూ ఏదో ఒక రూపంలో తినండి. ఉగ్గాని, బజ్జీ రోజూ వద్దనడం తప్ప నేను ఏ పథ్యమూ చెప్పను. జబ్బు రోజుల్లో నాలుగు ముద్దల సంగటి తిన్నా అరిగిపోయేది, ఆ ఆకలి అలవాటుగా మిగిలిపోయిందేమో కూడా చూసుకోండి.

జుట్టు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. హార్మోను మట్టం ఊగిసలాడిన రెండు మూడు నెలల తర్వాత రాలడం మొదలవుతుంది, మట్టం కుదురుకున్న ఆరు నెలలకు గానీ తేడా తెలియదు. ఫెరిటిన్ చూపించుకుని ఓపిక పట్టడమే.

కళ్లను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గ్రేవ్స్ జబ్బు కంటి చుట్టూ ఉన్న కండరాలకు, కొవ్వుకు కూడా పాకుతుంది, గ్రంథికి చికిత్స జరిగినంత మాత్రాన అది ఆగదు, రేడియో అయోడిన్ తర్వాత కొందరికి పెరుగుతుంది కూడా. ఇసుక పడ్డట్టు ఉండడం వరకైతే కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి తలవైపు ఎత్తుగా పెట్టుకోవడం, ఎండగాలిలో బండి మీద వెళ్లేటప్పుడు అద్దాలు చాలు. అయినా కంటి డాక్టరుకు ఒకసారి “నాకు గ్రేవ్స్ జబ్బు ఉండేది” అని చెప్పి మరీ చూపించండి, అలా చెప్పకపోతే మామూలు పొడికన్ను అని చుక్కలు రాసి పంపుతారు. ఒకటి రెండుగా కనిపించడం, రంగులు వెలిసిపోయినట్టుండడం, కన్ను కదిపితే నొప్పి, నిద్రలో రెప్ప మూతపడకపోవడం, వీటిలో ఏది వచ్చినా మరునాటి దాకా ఆగవద్దు. ఈ కంటి జబ్బుకు పొగాకును మించిన శత్రువు లేదు. మీరు తాగకపోయినా, ఇంట్లో ఎవరైనా సిగరెట్టో బీడీయో కాల్చేవాళ్లు ఉంటే వసారాలోకి పంపండి.

రెండో ప్రశ్న, వేరే మాత్ర ఉందా అని. ఉంది, కానీ అది మీకు ఇప్పుడే కాదు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఎక్కువగా టీ4, అంటే మీ మాత్రలో ఉన్న థైరాక్సిన్, కొద్దిగా టీ3 అనే ఇంకో హార్మోను తయారుచేస్తుంది, అసలు పని చేసేది టీ3. గ్రంథి లేనివాళ్లలో కూడా మాత్రతో ఇచ్చిన టీ4 ఒంట్లో టీ3గా మారుతుందని 1970లో రుజువైంది, అప్పటినుంచే టీ4 ఒక్కటే ఇస్తే చాలన్న పద్ధతి స్థిరపడింది. చాలామందికి చాలుతుంది. కానీ టీఎస్‌హెచ్ సరిగ్గా ఉన్నా వందలో అయిదు నుంచి పది మందికి బాధలు మిగులుతున్నాయని యూరప్ థైరాయిడ్ సంఘం 2012 మార్గదర్శకాల్లో ఒప్పుకుని, అలాంటివాళ్లకు మిగతా కారణాలన్నీ వెతికి లేవని తేలాక, నిపుణుల పర్యవేక్షణలో టీ3 కూడా కలిపి ఇచ్చి చూడవచ్చని చెప్పింది. పరీక్షించి చూసిన అధ్యయనాల్లో కొందరికి నచ్చింది, మొత్తం మీద తేడా స్పష్టంగా తేలలేదు. టీ3 ఒంట్లో ఒక్కరోజు లోపే సగమైపోతుంది కనుక గుండెదడతో పైకి లేపి సాయంత్రానికి కింద పడేసే గుణం దానిది. అందువల్ల ఆరు నెలల పాటు నిఖార్సైన నార్మల్ అంకెలు చూసిన తర్వాత కూడా మీరిలాగే ఉంటే, తిరుపతి స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో హార్మోను జబ్బులు చూసే ఎండోక్రినాలజీ విభాగంలో ఈ మాట ఎత్తండి. గర్భం ఆలోచన ఉంటే అసలు ఎత్తవద్దు, కడుపులో బిడ్డ మెదడుకు అందవలసింది తల్లి టీ4. ఆ ఆలోచన నిజంగా ఉంటే, గ్రేవ్స్ యాంటీబాడీలు గ్రంథి పోయాక కూడా రక్తంలో మిగిలి బిడ్డకు చేరవచ్చు కనుక వాటి పరీక్ష సంగతి ముందే డాక్టరును అడగండి. ఆన్‌లైన్‌లో అమ్మే “సహజ థైరాయిడ్” పొడుల జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ పోకండి, అందులో ఎంత హార్మోను ఉందో అమ్మేవాడికే తెలియదు.

మునుపటిలా అవుతానా అన్న ప్రశ్నకు తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. ఏ మునుపు? జబ్బు బయటపడడానికి ముందు ఏడాదో రెండేళ్లో, నాలుగు గంటలు నిద్రపోయి, వంటా బడీ ట్యూషన్లూ ఒంటిచేత్తో లాగి, అలసట అంటే ఏమిటో తెలియకుండా తిరిగిన మనిషి మీకు గుర్తున్నట్టయితే, ఆమె ఆరోగ్యవంతురాలు కాదు, అప్పటికే జబ్బు మనిషి. నేను ఎన్నో ఏళ్లు ఆమెతోనే నన్ను పోల్చుకుని కుమిలిపోయాను. పోల్చుకోవలసింది అంతకు ముందున్న మనిషితో. ఆమెలో ఎనభై తొంభై పాళ్లు తిరిగి వస్తుంది, నాకు అందుకు మూడేళ్లు పట్టింది. మిగిలినది మిగిలింది. ఈ రోజుకీ మధ్యాహ్నం రెండున్నరకు నా కళ్లు మూతలు పడతాయి, తెలిసిన మనిషి ఎదురైనా పేరు వెంటనే నోటికి రాదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు తలకు పని చెప్పే లెక్కలన్నీ పదకొండు లోపు ముగించి, మధ్యాహ్నం చేతులతో చేసే పని పెట్టుకునేదాన్ని. మీరు కూడా కొత్త పాఠం మొదటి రెండు పీరియడ్లలోకి మార్చమని హెడ్‌మాస్టరును అడగండి, ఖాళీ పీరియడ్‌లో నోటుపుస్తకాలు దిద్దకుండా ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోండి, పిల్లల పేర్లకు కూర్చునే వరసల పటం ఒకటి బల్ల మీద అంటించుకోండి.

ఇక ఇంట్లో బద్ధకం అనే మాట. గ్రేవ్స్ చికిత్స అయిన 6 నుంచి 10 ఏళ్ల తర్వాత వెయ్యి మందికి పైగా రోగులను స్వీడన్‌లో అడిగి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. మామూలు జనంతో పోలిస్తే వీళ్లకు అలసట, దిగులు, ఏకాగ్రత లోపం అన్నేళ్ల తర్వాత కూడా ఎక్కువగా ఉన్నాయని, రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లలో అది మరికాస్త ఎక్కువని అందులో తేలింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, మీరు కల్పించుకున్నది కాదని చెబుతున్నాను. అయితే ఇది నేను చెప్పానంటే మీ అత్తగారు వినరు. రోజంతా ఏడుపు రావడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే మాత్రం దాన్ని థైరాయిడ్ కింద తోసేయకుండా విడిగా డాక్టరుకు చెప్పండి, దానికి వేరే మందు ఉంది.

ఆరు వారాల తర్వాత రిపోర్టు తీసుకుని వెళ్లే రోజున మీ ఆయనను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, ఇది బద్ధకం కాదన్న మాట డాక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆయన చెవినే పడనివ్వండి. మీరు వాడే ప్రతి మాత్ర పేరు, వేసుకునే వేళ ఒక కాగితం మీద రాసి చూపండి, బయోటిన్ ఆపిన తేదీతో సహా. పొద్దున్నే నమూనా ఇచ్చేదాకా ఏమీ తినకండి, సీసాను బ్యాగులో వెంట ఉంచుకుని, సూది తీయగానే అక్కడే మంచినీళ్లతో మాత్ర వేసుకోండి. కాఫీ గంట తర్వాత.